గోల్కొండలో రామదాసు బందీఖానా నిజమైనదేనా? పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని గోల్కొండ వెళ్లారు. కొండ మీదికి ఎక్కే దారిలో "ఇదే రామదాసు జైలు" అని చూపించారు. నిజంగా భక్త రామదాసు ఆ గదిలోనే పన్నెండేళ్లు ఉన్నాడా, లేక టూరిస్టుల కోసం చెప్పే కథా అని మీ అనుమానం. పైగా మీ అబ్బాయి "హిందువని జైల్లో వేశారా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదన్నారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఆ కోటలో గైడుగా పనిచేస్తున్నాను. సీజన్లో రోజుకు రెండు మూడు గ్రూపుల్ని ఆ మెట్లెక్కిస్తాను. ఈ రెండు ప్రశ్నలూ వారానికి ఒక్కసారైనా ఎదురవుతాయి.

ముందు సూటిగా చెప్తాను. గోపన్న (రామదాసు అసలు పేరు అదే) గోల్కొండలో ఖైదీగా ఉన్నాడన్నది నమ్మదగిన మాట. ఆ గదే ఆయన గది అన్నది తరతరాలుగా వస్తున్న నమ్మకం, శాసనం చెప్పిన మాట కాదు. పన్నెండేళ్లన్న లెక్క మాత్రం కాస్త బిగుతుగా ఉంది. లోపల వేసింది శిస్తు బాకీకి, మతానికి కాదు. మీ అబ్బాయికి ఈ ఆఖరి ముక్క ముందు చెప్పండి. మిగతాది తీరిగ్గా చెప్పుకోవచ్చు.

గది సంగతి చూద్దాం. మీరు లోపలికి వెళ్లారు కదా, ఒక్కసారి గుర్తుచేసుకోండి. మందమైన రాతి గోడలు, ఎత్తైన కప్పు, సరైన కిటికీ లేదు. వెలుతురు పై నుంచి ఒక కంత గుండా పడుతుంది. ఎండలోంచి లోపలికి అడుగుపెడితే రెండు నిమిషాలు ఏమీ కనపడదు. కళ్లు అలవాటు పడ్డాక ఎదుటి గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు కనిపిస్తారు. కుంకుమ, పసుపు, నూనె మరకలు. అవి రామదాసు తన చేత్తో చెక్కుకున్నవని అంటారు. పై కంతలోంచే తిండి వదిలేవారని కూడా అంటారు. నేనూ అలాగే చెప్తాను, "అంటారు" అన్న మాట వదలకుండా.

ఇప్పుడు ఆ కట్టడాన్ని కట్టడంగా చూడండి. మనుషులు ఉండటానికి కట్టింది కాదది, సరుకు దాచడానికి కట్టింది. గాలి, ఎండ, ఎలుక దూరకుండా, పై నుంచి పోసేలా ఉండే గిడ్డంగి లక్షణాలన్నీ ఉన్నాయి. పాతబస్తీ వాళ్లు దాన్ని "రామ్‌దాస్ కా కోఠా" అంటారు. కోఠా అంటే కొట్టు, గిడ్డంగి. పేరులోనే సమాధానం ఉంది. అదే కొండ మీద అంబర్‌ఖానా అని ఇంకో పెద్ద ధాన్యపు కొట్టు ఉంది. దాని మీదున్న పారశీక శాసనం 1642 నాటిది, అబ్దుల్లా కుతుబ్‌షా కాలం. ముట్టడి వస్తే నెలల తరబడి తినాలి కాబట్టి కొండ ఎక్కే దారి పొడవునా ఇలాంటి కొట్లు అవసరం.

మరి కొట్టు జైలెలా అయింది? ఇక్కడే చాలామంది పొరపడతారు. మనకు జైలంటే చంచల్‌గూడ గుర్తొస్తుంది. ఇన్నేళ్ల శిక్ష అని కోర్టు వేస్తుంది, అన్నేళ్లు పూర్తికాగానే వదులుతారు. ఆ రోజుల్లో కోటలో ఖైదు అంటే చాలావరకు శిక్ష కాదు, వసూలు పద్ధతి. డబ్బు కట్టేదాకా ఉంచు, కట్టాక వదులు. దానికి ప్రత్యేకంగా జైలు కట్టక్కర్లేదు. తాళం పడే చీకటి గది ఏదైనా చాలు.

గోల్కొండ రాజ్యంలో శిస్తు వసూలు హక్కుల్ని ఏటా వేలం వేసేవాళ్లు. ఎక్కువ పాడినవాడికే ప్రాంతం దక్కేది. పాడిన మొత్తం ఖజానాకు జమచేయాలి, పంట పండినా పండకపోయినా. కట్టలేకపోతే ఏమయ్యేదో మెథ్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు రాసిపెట్టాడు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్నవాడు. అంతకుముందు పనిచేసిన ఒక బ్రాహ్మణ అధికారి మొత్తం సొమ్ము కట్టలేకపోయినందుకు వీపు మీద, పాదాల మీద, పొట్ట మీద బెత్తాలతో చచ్చేదాకా కొట్టారట. అది రామదాసుకు యాభై ఏళ్ల ముందు మాట. కాబట్టి "దెబ్బలకు ఓర్వక అబ్బా తిట్టితినయ్య" అని రామదాసు కీర్తనలో వినిపిస్తే దాన్ని కవి అతిశయోక్తిగా కొట్టిపారేయకండి. ఆ ప్రభుత్వంలో బాకీదారు దెబ్బలు తినడం మామూలు విషయం.

కొన్నేళ్ల క్రితం ఖమ్మం వైపు నుంచి ఒక రిటైర్డు తహసీల్దారు గారు కుటుంబంతో వచ్చారు. గదిలో అందరూ దండం పెట్టుకుంటుంటే ఆయన నా పక్కకొచ్చి మెల్లగా, "చూడు బాబూ, భక్తి సంగతి పక్కన పెట్టు. ఖజానాకు జమ చేయాల్సిన సొమ్ము గుడికి వాడినా, బడికి వాడినా, ఆడిట్లో అభ్యంతరమే. మా రోజుల్లో అయితే సస్పెన్షన్, రికవరీ" అన్నారు. ఆయన భార్య విని ఊరుకోలేదు. "మీరు నలభై ఏళ్లు చేసి ఒక్క గుడి కట్టారా?" అంది. గ్రూపంతా గొల్లున నవ్వింది. నిజానికి ఇద్దరి మాటా సరైనదే. నేను ఇప్పటికీ ఈ కేసును చాలామందికి ఆ తహసీల్దారు గారి భాషలోనే చెప్తాను.

కేసు ఏమిటంటే, కంచర్ల గోపన్న నేలకొండపల్లి మనిషి. అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని సంప్రదాయం చెప్తుంది. పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఖజానాకు చేరాల్సిన ఆరు లక్షల వరహాలు ఆ పనికే ఖర్చయ్యాయని ఆరోపణ. ఆయన కీర్తనల్లో "ఇక్ష్వాకు కులతిలక" వినండి. లక్ష్మణుడికి ముత్యాల పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు, సీతమ్మకు చింతాకు పతకం, చుట్టూ ప్రాకారం. ప్రతి పద్దుకీ ఎంత పట్టిందో చెప్పుకుంటూ పోతాడు. నాకైతే అది దేవుడి ముందు విప్పిన లెక్కల పుస్తకంలా వినిపిస్తుంది. ఇదే మాట ఆ తహసీల్దారు గారితో అంటే, "అన్నిటికీ పదివేలే రాశాడయ్యా, ఆ లెక్క ఏ ఆడిటరూ పాస్ చేయడు" అన్నారు.

తమాషా ఏమిటంటే, బాలాహిస్సార్ దర్వాజా దాటాక కింద భాగంలో అక్కన్న మాదన్నల కచేరీ, అంటే కార్యాలయం, అని చూపే కట్టడం ఉంది. బందీఖానా ఆ కొండకే పైన. మేనమామ రాజ్యంలో అంతటి మంత్రి, మేనల్లుడు అదే కోటలో ఖైదీ. మాదన్న ఎందుకు విడిపించలేదని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. నా ఊహ చెప్తాను, చరిత్రగా తీసుకోవద్దు. మాదన్న శత్రువులు దర్బారులో తక్కువమందేమీ కాదు. చుట్టాన్ని బాకీ కట్టకుండా వదిలేస్తే వాళ్లకు అదే చాలు. ఆ శత్రుత్వం ఎంత గట్టిదంటే, 1686లో అన్నదమ్ములిద్దరినీ గోల్కొండ వీధిలోనే చంపేశారు.

ఇక్కడే మీ అబ్బాయి ప్రశ్నకు జవాబు ఉంది. అప్పటి గోల్కొండ సుల్తాను తానీషా ముస్లిం రాజు, నిజమే. కానీ ఆయన పాలన మొత్తం నడిపింది ఇద్దరు హనుమకొండ బ్రాహ్మణులు. ఔరంగజేబు ఆయన మీద చేసిన ఆరోపణల్లో పెద్దది కూడా అదే, రాజ్యాన్ని బ్రాహ్మణుల చేతిలో పెట్టాడని. అంతకు వందేళ్ల ముందు ఇబ్రహీం కుతుబ్‌షా అన్నకు భయపడి విజయనగరం పారిపోయి, అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకుని, 1550లో తిరిగొచ్చి గద్దెనెక్కాడు. మన తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అలాంటి దర్బారులో గుడి కట్టడం నేరం కాదు. సర్కారు సొమ్ముతో, అనుమతి లేకుండా కట్టడం నేరం.

ఇక పన్నెండేళ్ల లెక్క. ఇందులో తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. మొదటి ఏడెనిమిదేళ్లు నేను గ్రూపులకు ఒక్క గుక్కలో చెప్పేసేవాణ్ని: తానీషా రాజు, మాదన్న మంత్రి, గోపన్నకు ఉద్యోగం, గుడి, జైలు, పన్నెండేళ్లు, రాముడు రావడం. ఒకరోజు తొమ్మిదో తరగతి కుర్రాడు నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటూ, "సార్, తానీషా ఎప్పట్నుంచి ఎప్పటిదాకా రాజు?" అన్నాడు. 1672 నుంచి 1687 అన్నాను. "అంటే పదిహేనేళ్లు. అందులో పన్నెండు జైలు. మిగిలిన మూడేళ్లలో మాదన్న మంత్రయ్యి, ఈయనకు ఉద్యోగమిచ్చి, ఈయన గుడి కట్టి, దొరికిపోయాడా?" అన్నాడు. నా దగ్గర మాట లేదు. వాళ్ల టీచరు వాణ్ని కసిరింది. నేను వద్దని వారించాను.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. కుర్రాడు నాకు కొంత ఉదారంగానే వదిలేశాడు. మాదన్న చేతికి పెత్తనం వచ్చింది తానీషా గద్దెనెక్కిన ఒకటి రెండేళ్ల తర్వాత. 1685లోనే మొగలు సైన్యం హైదరాబాదులో దిగింది. 1687 మొదట్లో కోట ముట్టడి మొదలైంది. విడుదల అయ్యి, తానీషా రాముడికి ముత్యాలు పంపే ఏర్పాటు చేసేటంత తీరుబడి ఉందంటే అది ఈ గందరగోళానికి ముందే అయ్యుండాలి. అప్పుడు పన్నెండేళ్లు ఎక్కడ సర్దుతారు? రెండే దారులు. గోపన్న ఉద్యోగం, గుడి పని తానీషాకు ముందు, అబ్దుల్లా కాలంలోనే మొదలై ఉండాలి. లేదా పన్నెండు అన్నది అచ్చంగా పన్నెండు కాకపోవాలి. మనకు పుష్కరమంటే పన్నెండేళ్లు, పాండవుల వనవాసం పన్నెండేళ్లు. చాలాకాలం కష్టపడ్డాడని చెప్పడానికి తెలుగువాడి నోట ముందు వచ్చే అంకె అదే. నేను రెండోదారి వైపే మొగ్గుతాను. అప్పట్నుంచి గదిలో నిలబడి "పన్నెండేళ్లని చెప్పుకుంటారు" అంటాను తప్ప తేదీలు అంటించను.

అలాగని ఖైదు మొత్తాన్నే కట్టుకథ అనేవాళ్లతో నేను ఏకీభవించను. కీర్తనల్లో దెబ్బలు, చెర, బాకీ, ఇవి మళ్లీ మళ్లీ వస్తాయి. ఇంకోటి, తిరువయ్యారులో కూర్చున్న త్యాగరాజు (1767–1847) "క్షీరసాగర శయన"లో ధీరుడైన రామదాసు బంధం తీర్చిన సంగతి విన్నానంటాడు. గోల్కొండ ఎక్కడ, కావేరి ఒడ్డు ఎక్కడ! రైలు, ఫోను లేని రోజుల్లో, వందేళ్లు దాటీ దాటకముందే ఆ చెర కథ అంతదూరం పోయి, అంతటివాడి నోట నిలిచింది. గైడులు పుట్టించిన కథ కాదది.

ఆ కోటలో ఖైదు అనుభవించింది రామదాసు ఒక్కడే కూడా కాదు. మిగతావాళ్ల కథలు ఎవరూ అడగరు, నేనే బలవంతంగా చెప్తాను. 1655లో అబ్దుల్లా కుతుబ్‌షా తన మంత్రి మీర్ జుమ్లా మీద కోపంతో అతని కొడుకు మహమ్మద్ అమీన్‌ను, కుటుంబాన్ని నిర్బంధించాడు. వాళ్లను వదలమన్న సాకుతోనే 1656లో ఔరంగజేబు, అప్పటికింకా యువరాజు, గోల్కొండ మీదికి వచ్చాడు. ఒక్క ఖైదు రాజ్యాన్ని అంచుదాకా తీసుకెళ్లింది. రాజకుటుంబంలో అయితే చెర కంటే ఘోరమైనవి జరిగాయి. 1543లో వంశకర్త సుల్తాన్ కులీని కొడుకు జంషీదే చంపించాడు, పట్టానికి వారసుడైన అన్న కళ్లు పొడిపించాడు. గుడ్డివాడు రాజు కాలేడు కాబట్టి.

రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షల రామమాడలు కుమ్మరించి రశీదు రాయించుకున్నారన్నది మీకు తెలిసిన కథే. అది నమ్మకం, దాన్ని నేను లెక్కల్తో కొలవను. (దేవుడు కూడా రశీదు తీసుకోవడం మాత్రం నాకు చాలా ఇష్టం.) కళ్లెదుట మిగిలింది ఆచారం. తానీషా భద్రాద్రి రాముడి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే పద్ధతి పెట్టాడని చెప్తారు. నిజాములు దాన్ని కొనసాగించారు. ఇప్పుడు ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతోంది. శ్రీరామనవమి నాడు టీవీలో చూస్తుంటారు కదా, అది ఈ కోట నుంచి మొదలైందే.

తానీషా సంగతి కూడా పిల్లలకు చెప్పండి, కథ పూర్తవుతుంది. ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. 1687 సెప్టెంబరు 21న లోపలి సర్దారు ఒకడు లంచం తిని తలుపు తీశాడు. తానీషాను దౌలతాబాద్ కోటకు తీసుకెళ్లి అక్కడి చీనీ మహల్లో పెట్టారు. పన్నెండు పదమూడేళ్లు అక్కడే ఉండి అక్కడే పోయాడు. ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ రాజుల సమాధులు వరుసగా ఉన్నాయి, వాటిలో ఈయనది లేదు. ఖుల్దాబాద్‌లో పూడ్చారు. ఆయన్ని పట్టుకున్న ఔరంగజేబు సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. రామదాసుకు చెప్పే పన్నెండేళ్లు ఈయన విషయంలో మాత్రం తేదీలతో సహా సరిపోతాయి.

మళ్లీ వెళ్తే రెండు మూడు సలహాలు. పొద్దున్నే వెళ్లండి. మెట్లు మూడొందల అరవై దాకా ఉంటాయి, ఎండెక్కాక పెద్దవాళ్లకు కష్టం. కింద బాలాహిస్సార్ దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టే ఆట పిల్లలు ఎలాగూ వదలరు. అది ఆట కాదు, పైన కాపలా వాళ్లకు కబురందించే ఏర్పాటని చెప్పండి. గదిలో గోడల మీద పేర్లు గీకనివ్వకండి, ఇప్పటికే ఉన్నవి చాలు. వీలైతే ఆషాఢంలో రండి. జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఇక్కడే, కొండ మీది జగదాంబ అమ్మవారి దగ్గర. గురువారాలు, ఆదివారాలు డప్పులు, పోతరాజులు, నెత్తిన బోనం పెట్టుకుని మెట్లెక్కే ఆడవాళ్లు. కాకపోతే ఆ రోజుల్లో బందీఖానా ప్రశాంతంగా చూడటం కుదరదు, జనం తోసుకుంటూ పోతుంటారు.

పోయిన ఏడాది బోనాలప్పుడే ఒక పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, ఖాళీ బోనం కుండ చంకన పెట్టుకుని దిగుతూ బందీఖానా ముందు ఆగింది. "ఇదేనా నాయనా?" అంది. "ఇదేనంటారమ్మా" అన్నాను. లోపలికి రెండడుగులు వేసి, చీకట్లో ఏమీ కనపడక, అక్కడే నిలబడి "పలుకే బంగారమాయెనా" ఎత్తుకుంది. గొంతు బాగోలేదు, శ్రుతి లేదు. కానీ ఆ కప్పు కింద మాట పడితే నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తుంది. బయట డప్పులు మోగుతున్నా లోపల ఆమె గొంతే వినిపించింది. రెండు చరణాలయ్యాక కుండ సర్దుకుని, "కాళ్లు పీకుతున్నాయి నాయనా, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి?" అంది.